తాళాల చాటు నుంచి అతిథుల విడిదిగా.. ఫలక్‌నుమా ప్రస్థానం

రాజప్రాసాదం హోటలుగా మారిన వైనం.. మన పాత కట్టడాలకూ అదే దారి చూపుతుందా?

ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌ పేరు వినని వారు మన ప్రాంతంలో అరుదు. హౌరాలో బయలుదేరి విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, నల్గొండల మీదుగా సికింద్రాబాద్‌ చేరే ఆ రైలులో ప్రయాణించని కుటుంబం కూడా తక్కువే. ఆ రైలుకు ఏ భవనం పేరు పెట్టారో, ఆ భవనం లోపల అడుగుపెట్టిన వారు మాత్రం వేలిమీద లెక్కించదగినంత మంది. హైదరాబాద్‌ పాతబస్తీలో చార్మినార్‌కు దక్షిణాన సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, ఒక గుట్టపైన నిలిచిన ఫలక్‌నుమా ప్యాలెస్‌ 2010 నుంచి హోటలుగా నడుస్తోంది. అంతకు పూర్వం దాదాపు అర్ధ శతాబ్దం పాటు అది తాళాల చాటున ఉండిపోయింది.

ఇదే నగరంలో అంతకు చాలాముందే హోటలుగా మారిన మరో ప్రాసాదం పైకప్పులు కూలి, గోడలపై మొక్కలు మొలిచి శిథిలావస్థకు చేరింది. ఒక భవనం నిలవడానికి, మరొకటి కుంగిపోవడానికి కారణమేమిటి? గడీలు, పాత కచేరీలు, ముసాఫిర్‌ఖానాలు, సత్రాలు ఒక్కొక్కటిగా నేలమట్టమవుతున్న మన జిల్లాల్లో ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోవడం అవసరం. ఆ జవాబు ఫలక్‌నుమా చరిత్రలోనే ఉంది.

బొటిక్‌ హోటల్‌ అంటే..?

ఫ్రెంచి భాషలో బొటిక్‌ అంటే చిన్న దుకాణం. గదుల సంఖ్య తక్కువగా ఉండి, ఒక్కో గదికీ తనదైన రూపం కలిగి, అతిథిని పేరుతో పలకరించేటంత సన్నిహితంగా సేవలందించే హోటళ్లకు ఆ పేరు స్థిరపడింది. 1980వ దశకంలో న్యూయార్క్‌ వంటి నగరాలలో ఈ పద్ధతి ప్రాచుర్యం పొందింది. పెద్ద హోటళ్లలో ఏ నగరానికి వెళ్లినా గదులన్నీ ఒకే మూసలో కనిపిస్తుండటంతో విసిగిన ప్రయాణికులు కొత్తదనం కోరుకున్నారు. దానితో హోటళ్ల యజమానుల దృష్టి పాత భవనాలపై పడింది. వెనుకటి గోదాములు, బ్యాంకులు, న్యాయస్థానాలు, చివరకు జైళ్లు కూడా విదేశాలలో అతిథి గృహాలయ్యాయి.

మన దేశంలో ఈ మార్పు అంతకన్నా ముందే రాజప్రాసాదాలతో మొదలైంది. సంస్థానాలు భారత యూనియన్‌లో విలీనమైన పిమ్మట రాజులకు ఆదాయం తగ్గింది గానీ భవనాల ఖర్చు తగ్గలేదు. జైపూర్‌లోని రాంబాగ్‌ ప్యాలెస్‌ను 1957లో, ఉదయ్‌పూర్‌లోని సరస్సు నడుమ ఉన్న ప్రాసాదాన్ని 1963లో హోటళ్లుగా మార్చారు. 1971లో రాజభరణాలను రద్దు చేయడంతో మిగిలిన సంస్థానాధీశుల వారసులు కూడా అదే బాట పట్టక తప్పలేదు. ఆ వరుసలో ఫలక్‌నుమా చాలా ఆలస్యంగా చేరింది.

అప్పుల్లోకి నెట్టిన అందం

ఫలక్‌నుమాను నిర్మించినది నిజాం ప్రభువు కాదు. పైగా వంశానికి చెందిన నవాబు వికారుల్‌ ఉమ్రా దీనికి 1884 మార్చి 3న శంకుస్థాపన చేశారు. ఆరో నిజాం మీర్‌ మహబూబ్‌ అలీఖాన్‌కు ఆయన స్వయానా బావమరిది. తర్వాత కాలంలో హైదరాబాద్‌ రాజ్య ప్రధానమంత్రిగా కూడా పనిచేశారు. కోహ్‌-ఎ-తూర్‌ అని పిలిచే గుట్టపై 32 ఎకరాల ఆవరణలో, విలియం వార్డ్‌ మారెట్‌ అనే ఆంగ్ల వాస్తుశిల్పి నమూనా ప్రకారం పనులు సాగాయి. భవనంతో పాటు లోపలి అలంకరణ ముగిసేసరికి తొమ్మిదేళ్లు పట్టింది. ఉర్దూలో ఫలక్‌ అంటే ఆకాశం. ఫలక్‌నుమా అంటే ఆకాశాన్ని పోలినది అని అర్థం.

పైనుంచి చూస్తే ఈ కట్టడం తేలు ఆకారంలో కనిపిస్తుంది. ఉత్తర దిక్కున రెక్కల్లా చాచిన రెండు భాగాలు, నడుమ ప్రధాన భవనం, దక్షిణాన గోల్‌ బంగ్లా, జనానా మహల్‌ ఉన్నాయి. ఇటలీ పాలరాతి మెట్లు, రంగుటద్దాల కిటికీలు, ఇంగ్లాండు నుంచి తెప్పించిన దీపాల గుత్తులు, నగిషీ చెక్కిన కొయ్య పైకప్పు కలిగిన గ్రంథాలయం దీని ప్రత్యేకతలు. విండ్సర్‌ కోటలోని గ్రంథాలయాన్ని అనుసరించి ఆ పైకప్పును తయారు చేయించారని ప్రతీతి. భోజనశాలలోని బల్ల చుట్టూ ఒకేసారి 101 మంది కూర్చుని భోజనం చేయవచ్చు.

ఈ వైభవానికి దాదాపు 40 లక్షల రూపాయలు వెచ్చించారని చెబుతారు. ఆ రోజుల్లో అది సామాన్యమైన మొత్తం కాదు. వికారుల్‌ ఉమ్రా అప్పులపాలయ్యారు. ఈ దశలో ఆయన బేగం ఒక ఉపాయం చెప్పారని నగరంలో ఒక కథ వాడుకలో ఉంది. నిజాంను అతిథిగా ఆహ్వానించారు. ఆయన భవనాన్ని మెచ్చుకోగానే దానిని నజరానాగా సమర్పించారు. నజరానాను చేతితో తాకి తిరిగి ఇచ్చేయడం సాధారణ మర్యాద. మహబూబ్‌ అలీఖాన్‌ మాత్రం దానిని స్వీకరించి, బదులుగా పెద్ద మొత్తం చెల్లించారు. కథలోని మలుపుల సంగతి ఎలా ఉన్నా 1897-98 ప్రాంతంలో ఫలక్‌నుమా నిజాం పరమైన మాట వాస్తవం.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. కట్టిన మనిషే భరించలేనంత ఖర్చుతో ఈ భవనం పుట్టింది. దానిని పోషించే స్తోమత గల చేయి దొరికినప్పుడల్లా వెలిగింది. ఆ చేయి తొలగిన ప్రతిసారీ మసకబారింది.

రాజుల విడిది.. రాష్ట్రపతితో ఆఖరు

నిజాం చేతికి వచ్చిన తర్వాత ఫలక్‌నుమా రాచ అతిథుల విడిదిగా మారింది. తదనంతరం బ్రిటిష్‌ చక్రవర్తి అయిన ఐదో జార్జి వేల్స్‌ యువరాజు హోదాలో 1906లో హైదరాబాద్‌ను సందర్శించినప్పుడు ఇక్కడే బస చేశారు. ఆయన కుమారుడు ఎడ్వర్డ్‌కు కూడా ఇక్కడ ఆతిథ్యం లభించింది. 1911 ఆగస్టు 29న మహబూబ్‌ అలీఖాన్‌ ఈ ప్రాసాదంలోనే కన్నుమూశారు.

ఏడో నిజాం మీర్‌ ఉస్మాన్‌ అలీఖాన్‌ కింగ్‌కోఠిలో నివసించడానికే మొగ్గు చూపారు. దాంతో ఫలక్‌నుమా ముఖ్య అతిథులు వచ్చినప్పుడు మాత్రమే తలుపులు తెరుచుకునే భవనంగా మిగిలింది. 1948 సెప్టెంబరులో హైదరాబాద్‌ సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. 1951లో రాష్ట్రపతి డాక్టర్‌ బాబూ రాజేంద్రప్రసాద్‌ ఇక్కడ బస చేశారు. ఆ కాలంలో ఇక్కడ విడిది చేసిన ప్రముఖులలో ఆయనే ఆఖరివారని చెబుతారు.

తాళాల వెనుక యాభై ఏళ్లు

ఉస్మాన్‌ అలీఖాన్‌ 1967 ఫిబ్రవరి 24న మరణించారు. ఆస్తులకు వారసుడైన మనవడు ముకర్రం జా కొన్నేళ్లకే ఆస్ట్రేలియాకు, అటు తర్వాత తుర్కియేకు తరలివెళ్లారు. ఇక్కడి ప్రాసాదాలను చూసుకునే నాథుడు కరవయ్యాడు. కుటుంబంలో వారసత్వ తగాదాలు, న్యాయస్థానాల్లో వ్యాజ్యాలు పేరుకున్నాయి. ఫలక్‌నుమాలో దీపాల గుత్తులకు దుమ్ము పట్టింది. తివాచీలు, తెరలు, కుర్చీల తోళ్లు చివికిపోయాయి.

పాత భవనానికి అన్నిటికన్నా పెద్ద శత్రువు ఖాళీగా ఉండటమేనని కట్టడాల పరిరక్షణలో అనుభవం గల వారు చెబుతారు. మనుషులు మసలే ఇంట్లో ఒక పెంకు జారితే మర్నాడే కనిపిస్తుంది. తాళం వేసిన ఇంట్లో ఆ సందు గుండా రెండు వర్షాకాలాలు నీరు కారితే దూలం నానుతుంది, చెద పడుతుంది, చివరకు కప్పు కూలుతుంది. కిటికీలు తెరవనందున తేమ బయటకు పోదు. రావి, మర్రి విత్తనాలు గోడ పగుళ్లలో పడి వేళ్లు తన్నుతాయి. పది రూపాయలతో పోయే పని కొన్నేళ్లకు లక్షల్లోకి చేరుతుంది. గ్రామాల్లో యజమానులు పట్టణాలకు వలసపోయిన పాత ఇళ్ల గతి గమనించిన వారికి ఈ వరుస కొత్త కాదు.

పదేళ్ల మరమ్మతు

ముకర్రం జా మొదటి భార్య, తుర్కియేకు చెందిన యువరాణి ఎస్రా 1990వ దశకంలో హైదరాబాద్‌ ఆస్తుల బాధ్యత తలకెత్తుకోవడంతో పరిస్థితి మారింది. ఫలక్‌నుమాను తాజ్‌ గ్రూపునకు లీజుకిచ్చారు. యాజమాన్యం నిజాం కుటుంబం వద్దే ఉండగా నిర్వహణ హోటలు సంస్థకు దక్కింది. 2000 సంవత్సరంలో మొదలైన పునరుద్ధరణ ఎస్రా పర్యవేక్షణలో పదేళ్ల పాటు సాగింది. 2010 నవంబరులో హోటలు తలుపులు తెరుచుకున్నాయి. కొత్త భవనమైతే రెండు మూడేళ్లలో లేస్తుంది. ఉన్న భవనాన్ని బాగు చేయడానికి అంతకు మూడు రెట్ల కాలం ఎందుకు పట్టిందన్న సందేహం సహజం.

వెనుకటి కట్టడాలను డంగు సున్నంతో కట్టారు. గానుగలో రుబ్బిన సున్నానికి ఇసుకతో పాటు బెల్లం, కరక్కాయ నీరు వంటివి కలిపి గచ్చు చేసేవారు. సున్నపు గోడ తేమను పీల్చుకుని, ఎండలో తిరిగి వదిలేస్తుంది. దానిపై సిమెంటు పూస్తే తేమ లోపలే బందీ అవుతుంది. ఫలితంగా పూత పెచ్చులూడుతుంది, ఇటుక పిండిపిండి అవుతుంది. తెలియక చేసిన సిమెంటు మరమ్మతు వల్ల పాడైన గుడులు, గడీలు మన చుట్టుపక్కలే కనిపిస్తాయి. అందువల్ల ఇటువంటి పునరుద్ధరణలో ముందుగా సున్నం పని తెలిసిన మేస్త్రీలను వెదకాలి. ఎక్కడ ఏ పాళ్లలో కలిపారో పాత పూతను పరీక్షించి తెలుసుకోవాలి. రంగుటద్దం, నగిషీ కొయ్య, తివాచీ, తోలు.. దేని పనివారు దానికే ఉండాలి.

రెండో చిక్కు సదుపాయాలది. రాజులు ఉన్న కాలంలో గదికో స్నానాల గది లేదు, శీతల యంత్రాలు లేవు, మంటలార్పే ఏర్పాట్లు లేవు. అతిథి డబ్బిచ్చి బస చేయాలంటే ఇవన్నీ కావాలి. చిత్రాలు గీసిన పైకప్పుకు రంధ్రం పడకుండా తీగలు లాగాలి. పాలరాయి పగలకుండా నీటి గొట్టాలు వేయాలి. బరువు మోసే గోడను తొలగించకుండా గదులు అమర్చాలి. ఇన్ని నిబంధనల నడుమ ఇంత పెద్ద ఆవరణలో సిద్ధమైనవి 60 గదులే. అదే స్థలంలో కొత్త హోటలు కట్టి ఉంటే దానికి ఎన్నో రెట్ల గదులు వచ్చేవి. భవనాన్ని లాభానికి తగ్గట్టు మార్చలేదు. లాభాన్నే భవనానికి తగ్గట్టు కుదించుకున్నారు. ఈ పునరుద్ధరణలోని కీలకం ఇదే.

2017 నవంబరు 28న ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు సందర్భంగా ప్రధాని నరేంద్ర మోదీ అమెరికా అధ్యక్షుడి కుమార్తె ఇవాంకా ట్రంప్‌కు, ఇతర ప్రతినిధులకు విందు ఇచ్చినది ఇక్కడే. 101 మంది కూర్చునే ఆ బల్ల మరోసారి దేశమంతటా చర్చకు వచ్చింది.

హిల్‌ఫోర్ట్‌.. తలకిందులైన కథ

హోటలుగా మార్చినంత మాత్రాన భవనం బతికిపోతుందా అంటే కాదని హిల్‌ఫోర్ట్‌ ప్యాలెస్‌ చెబుతోంది. నౌబత్‌పహాడ్‌కు సమీపంలోని ఈ భవనాన్ని 1915లో సర్‌ నిజామత్‌ జంగ్‌ కట్టించుకున్నారు. హైదరాబాద్‌ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన ఆయన కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చదివారు. ఆ కళాశాల పోలికలతోనే ఇంటిని నిర్మించారు. సుమారు 15 ఏళ్లు నివసించిన మీదట దానిని నిజాం ప్రభుత్వానికి విక్రయించారు. ఏడో నిజాం రెండో కుమారుడు మొజంజా అందులో నివాసమున్నారు. మొజంజాహీ మార్కెట్‌కు పేరు వచ్చింది ఆయన వల్లనే.

1955లో ఈ భవనం రిట్జ్‌ హోటల్‌ అయింది. అంటే ఫలక్‌నుమా కన్నా 55 ఏళ్ల ముందే ఇక్కడ అతిథులకు తలుపులు తెరిచారు. దశాబ్దాల పాటు నగరంలోని పేరున్న హోటళ్లలో అదొకటి. 1990వ దశకం నాటికి హోటలు మూతపడింది. అనంతరం భవనం పర్యాటక శాఖ అధీనంలోకి వచ్చింది. తిరిగి వారసత్వ హోటలుగా తీర్చిదిద్దాలన్న ప్రతిపాదనలు ఏళ్ల తరబడి దస్త్రాల్లో నలిగాయి. ఆలోగా వానలు తమ పని తాము చేసుకుపోయాయి. వారసత్వ ప్రేమికులు వ్యాజ్యంతో హైకోర్టును ఆశ్రయించిన తర్వాత గానీ కదలిక రాలేదు.

రెండు కథలనూ పక్కపక్కన ఉంచితే తేడా స్పష్టమవుతుంది. ఫలక్‌నుమాకు యజమాని తరఫున పట్టుదలగా నిలిచిన ఒక మనిషి, మరమ్మతుకు పెట్టుబడి పెట్టగల ఒక సంస్థ, పదేళ్లు ఓపిక పట్టేందుకు వీలు కల్పించిన ఒక ఒప్పందం దొరికాయి. హిల్‌ఫోర్ట్‌ విషయంలో పాత హోటలు పోయాక కొత్త నిర్వాహకుడు వచ్చేలోగా భవనానికి కాపలా తప్ప పోషణ లేకుండా పోయింది. ఆ మధ్య కాలమే దానిని దెబ్బతీసింది.

సామాన్యుడికి ప్రవేశం ఎలా?

భవనం నిలిచింది సరే, అది ఎవరి కోసమన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. ఫలక్‌నుమాలో ఒక రాత్రి బసకయ్యే ఖర్చు మధ్యతరగతి కుటుంబం నెల జీతానికి తక్కువ కాదు. ముందుగా గదినో, భోజనాన్నో ఖాయం చేసుకున్న వారికి మాత్రమే ద్వారం తెరుస్తారు. గుట్ట కింద ఇంజిన్‌బౌలిలో పుట్టి పెరిగిన వారిలో చాలామందికి ఆ భవనం దూరం నుంచి కనిపించే తెల్లని గోడలే.

నిజాం కుటుంబానికే చెందిన చౌమహల్లా ప్యాలెస్‌ ఇందుకు భిన్నమైన దారిలో నడిచింది. దానిని కూడా ఎస్రా పర్యవేక్షణలోనే పునరుద్ధరించి 2005లో ప్రజల సందర్శనకు తెరిచారు. టికెట్టు కొనుక్కుంటే బడి పిల్లల నుంచి వృద్ధుల వరకు ఎవరైనా దర్బారు హాలును చూసి రావచ్చు. 2010లో ఈ పునరుద్ధరణకు యునెస్కో ఆసియా పసిఫిక్‌ వారసత్వ పురస్కారం లభించింది. ఒకే కుటుంబం ఒక ప్రాసాదాన్ని మ్యూజియంగా, మరొక దానిని హోటలుగా మలచింది. ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో మరణించినప్పుడు ఆయన పార్థివ దేహాన్ని ప్రజల కడసారి దర్శనం కోసం ఉంచింది చౌమహల్లాలోనే.

ప్రతి భవనాన్నీ మ్యూజియం చేయడం సాధ్యం కాదు. టికెట్టు డబ్బులతో అన్నీ నడవవు. అలాగని ప్రతి భవనాన్నీ హోటలుకు అప్పగించి ప్రజలను గేటు బయట నిలపడమూ సమంజసం కాదు. ప్రభుత్వ ఆస్తిగా ఉన్న భవనాన్ని లీజుకిచ్చేటప్పుడు వారంలో ఒక పూటైనా విద్యార్థులకు, స్థానికులకు ప్రవేశం ఉండాలన్న షరతు పెడితే ఈ చిక్కు చాలావరకు వీడుతుంది.

చట్టం ఏం చెబుతోంది?

హైదరాబాద్‌లో వారసత్వ కట్టడాల రక్షణకు పట్టణాభివృద్ధి సంస్థ 1995లో ప్రత్యేక నిబంధన తెచ్చింది. జాబితాకెక్కిన భవనాన్ని అనుమతి లేకుండా కూల్చరాదు, రూపు మార్చరాదు. తెలంగాణ ప్రభుత్వం 2015లో ఆ నిబంధనను తొలగించి, 2017లో వారసత్వ చట్టాన్ని తీసుకొచ్చింది. 2019లో శాసనసభకు కొత్త భవనం కోసం ఎర్రమంజిల్‌ ప్యాలెస్‌ను తొలగించాలని నిర్ణయించినప్పుడు పౌరులు హైకోర్టు మెట్లెక్కారు. అదే ఏడాది సెప్టెంబరులో ఆ నిర్ణయాన్ని న్యాయస్థానం కొట్టివేసింది. కూల్చివేతను చట్టం ఆపగలిగింది. అయితే కూలిపోవడాన్ని ఆపాలంటే చట్టంతో పాటు నిత్యం కనిపెట్టి చూసే మనిషి, అందుకు తగిన ఆదాయం కావాలి.

జిల్లాలకు పాఠం

ఇదంతా రాజధానికి, రాజులకు పరిమితమైన వ్యవహారమని కొట్టిపారేయనక్కర లేదు. కామారెడ్డి జిల్లా దోమకొండలో సంస్థానాధీశుల కోటను వారి వారసులు పూనుకొని బాగు చేయించారు. ఆ కృషికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్‌ పురస్కారం దక్కింది. మండల కేంద్రంలోని కట్టడానికి ఆ గౌరవం లభించినప్పుడు మిగిలిన ఊళ్లకు సాధ్యం కాకపోదు.

ఫలక్‌నుమా, హిల్‌ఫోర్ట్‌ల అనుభవం నుంచి కొన్ని సంగతులు నేర్చుకోవచ్చు. మొదటిది, యాజమాన్య హక్కు తేలాలి. పది మంది వారసుల పేర్ల మీద చిక్కుపడిన గడీకి ఎవరూ పెట్టుబడి పెట్టరు. రెండోది, లీజు దీర్ఘకాలం ఉండాలి. మూడేళ్లకో ఐదేళ్లకో తీసుకున్నవాడు సున్నం కొట్టించి బోర్డు తగిలిస్తాడు తప్ప పునాది చూడడు. మూడోది, లీజు ముగిసిన రోజు నుంచి తదుపరి ఏర్పాటు జరిగే వరకు పోషణ బాధ్యత ఎవరిదో ఒప్పందంలోనే రాసుకోవాలి. నాలుగోది, భవనం మోయగలిగిన పనినే దానికి అప్పగించాలి. అన్నీ హోటళ్లు కానక్కర లేదు. పది గదుల గడీ అతిథి గృహమవుతుంది, పాత కచేరీ గ్రంథాలయమవుతుంది, సత్రం నేత వస్త్రాల విక్రయశాల అవుతుంది. అయిదోది, సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతున్నారు. మిగిలిన వారి వద్ద నలుగురు యువకులకు పని నేర్పిస్తే భవనాలతో పాటు ఉపాధీ నిలుస్తుంది.

పెద్ద ఖర్చు గురించి ఆలోచించే ముందు ప్రతి పంచాయతీ, పురపాలక సంఘం తమ పరిధిలో వందేళ్లు దాటిన కట్టడాల జాబితా తయారు చేసి, వర్షాకాలానికి ముందు పైకప్పులు తనిఖీ చేయించి, గోడలపై మొలిచిన మర్రి మొక్కలను వేళ్లతో సహా తీయిస్తే చాలు. దానికి నిజాం ఖజానా అక్కరలేదు, కూలి డబ్బులు సరిపోతాయి. ఫలక్‌నుమా పదేళ్ల మరమ్మతు యాభై ఏళ్ల నిర్లక్ష్యానికి చెల్లించిన మూల్యం. ఆ మూల్యం చెల్లించగల నిజాం వారసులు, పెద్ద హోటలు సంస్థలు మన ఊళ్లలోని పాత కట్టడాలకు లేరు. కనుక వాటి విషయంలో జాప్యం ఎంతమాత్రం తగదు.